చేదు పీట

మూటల రోజున వైద్యుడి వరండాలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. వైద్యుడు ఆకు నోట్లో వేసుకున్నాక అసలే మాట్లాడరు. ఆయన నమిలినంతసేపూ అక్కడ వినిపించేది ఆయన దవడల చప్పుడూ, మూటలు తెచ్చినవాళ్ల గుండెల చప్పుడూ.

ఆ ఉదయం ఆకులావిడ తెచ్చిన నేలవేము మూటని అల్లుడు విప్పాడు. మూట విప్పడం అల్లుడి పని, మాట విప్పడం మామగారి పని. ఆ ఇంట్లో పనులు అలా పంచుకున్నారు. మామగారికి వీధిలో 'నాలుక' అని పేరు. అల్లుడికి 'నోట్లో నాలుక లేనివాడు' అని పేరు. ఇల్లరికం వచ్చాడు కాబట్టి ఇంట్లోవాళ్లే కాదు, మూలికల వీధి మొత్తం అతన్ని 'అల్లుడుగారూ' అనే పిలుస్తుంది. ఒక్క ఇంటికి అల్లుడైతే మర్యాద. వీధంతటికీ అల్లుడైతే ఆ మాట నడుమ ఒక దీర్ఘం దానంతటదే వచ్చి చేరుతుంది. అల్లుడు అల్లాడుతూనే ఉంటాడు.

పద్ధతి ప్రకారం అతను మూట పైనుంచి ఒక రెమ్మ, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి లాగాడు. నలుపలకల కాడల్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఎండలో ఆరిస్తే నేలవేము గోధుమరంగుకి తిరిగి గలగలమంటుంది. ఇది నీడలో ఆరిన సరుకు, ఇంకా పచ్చదనం వదల్లేదు. ఆకులు గిల్లి మామగారి అరచేతిలో పెట్టాడు.

వైద్యుడు పీట మీద వెన్ను నిటారుగా నిలబెట్టుకుని, ఆకు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ పీటని 'చేదు పీట' అంటారు. మూలికల చేదూ, వగరూ, ఘాటూ తేల్చేది దాని మీదే. ఆయన తప్ప ఎవరూ దాని మీద కూర్చోరు. పిల్లి కూర్చున్నా తోలేస్తారు.

నమిలాడు. కళ్లు తెరిచాడు. అల్లుడి వైపు చెయ్యి చాపాడు. అల్లుడికి అర్థం కాలేదు. ఆయన మళ్లీ ఆకు అడగడం అతను ఎన్నడూ చూడలేదు. ఇంకో ఆకు గిల్లి పెట్టాడు. అదీ నమిలాడు.

"చేదు లేదు," అన్నాడు వైద్యుడు.

ఆకులావిడ నవ్వింది. "అయ్యగారు పొద్దున్నే హాస్యాలాడుతున్నారు."

"చేదు లేదంటున్నాను. గడ్డి కలిపావు."

నవ్వు ఆమె ముఖం మీదే కాసేపు దారి తెలియక నిలబడి, తర్వాత పోయింది. "గడ్డి కలిపితే ఈ చేతులు పడిపోవాలి. కొండ మొదట్లో, నీడపట్టున, పువ్వు విచ్చిన మొక్కే చూసి పీకానయ్యా. మీరు చెప్పినట్టే. ఇంకొక్క ఆకు చూడండి."

"ఎన్ని చూస్తే గడ్డి నేలవేమవుతుంది? తీసుకుపో."

వరండా అంచున కూర్చున్న దుకాణాలవాళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. వైద్యుడు సరేనన్న మూటల్లో ఆయనకి అక్కర్లేనివి కొనుక్కుపోవడానికి వస్తారు వాళ్లు. నాలుక కాదన్న సరుకుని ఆ వీధిలో ఎవరూ ముట్టుకోరు. అక్కడ నాలుక మాటే నలుగురి మాట.

ఆమె మూట మళ్లీ కట్టుకోబోతే ముడి జారింది. అల్లుడు ఒంగి సాయం పట్టబోయాడు.

"వద్దు బాబూ. గడ్డే కదా, నేనే మోసుకుంటా," అని ముడి బిగించి, మూట నెత్తిన పెట్టుకుని మెట్లు దిగింది. 

"ఊఁ, తర్వాతది," అన్నాడు వైద్యుడు.

మధ్యాహ్నం జనం పోయాక అల్లుడు చాప దులిపి, రాలిన ఆకులు మూలకి ఊడ్చి, పొట్లాలు కట్టడానికి కూర్చున్నాడు. ముందు శొంఠిపొడి జల్లెడ పట్టాడు. తర్వాత కాగితపు ముక్కల దొంతర దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలు నాలుకకి తడి చేసుకుని కాగితం విడదీయడం అతనికున్న పాడు అలవాటు. 'మందు కొన్నవాళ్లకి మీ ఎంగిలి ఉచితమా' అని భార్య తిడుతూనే ఉంటుంది. అతను మానేస్తానంటూనే ఉంటాడు.

వేలు నాలుక మీద పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు.

చేదు. నాలుక మీద ఆగే చేదు కాదు. కొండనాలుక దాటి, చెవుల వెనక్కి పాకి, కళ్లలో నీళ్లు తిప్పి, మెడ మీద వెంట్రుకల్ని నిలబెట్టింది. లేచి మంచినీళ్లు తాగాడు. నీళ్లు కూడా చేదెక్కాయి. పొద్దుటినుంచీ ఈ వేళ్లు ఏం ముట్టుకున్నాయా అని వెనక్కి లెక్క వేసుకున్నాడు. శొంఠి. కాగితాలు. చీపురు. దానికి ముందు, నేలవేము.

మూలన ఊడ్చిపెట్టిన చెత్తలో వెతికి ఒక్క నేలవేము ఆకు తీశాడు. తలుపు వైపు ఒకసారి చూసి, దొంగ బెల్లంముక్క నోట్లో వేసుకున్నట్టు వేసుకున్నాడు. పళ్ల మధ్య పడీ పడకముందే ఒళ్లంతా జలదరించింది.

ఇంకొకడైతే మామగారి నాలుకని అనుమానించేవాడు. ఇల్లరికపు అల్లుడు కాబట్టి ముందు తన నాలుకనే అనుమానించాడు. వంటింట్లోకి వెళ్లి బెల్లం చప్పరించాడు. తియ్యగానే ఉంది. ఉప్పురాయి వేసుకున్నాడు. ఉప్పగానే ఉంది. తన నాలుక బాగానే ఉందని తెలిసేసరికి, అది పాడైపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఆ పూట భోజనాల దగ్గర అతను తినడం మానేసి మామగారి చెయ్యినే చూస్తూ కూర్చున్నాడు. కూర కలిపింది, ముద్దయింది, నోటిదాకా వెళ్లింది. కూరలో ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలే లేదు. వైద్యుడు రెండోసారి వడ్డించుకుని, "బాగుంది," అని చెయ్యి కడుక్కుని లేచాడు.

భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "విన్నారా? నాన్న నా కూర బాగుందన్నారు."

"విన్నాను."

"ఇన్నేళ్లలో నా వంటకి వంక పెట్టకుండా తిన్నది ఇవాళే. ఉప్పు మర్చిపోయిన రోజే." కాస్త ఆగి అనుమానంగా చూసింది. "మీకూ తెలిసిందిగా, మరి అనలేదేం?"

"నీ వంటకి నేనెప్పుడైనా వంక పెట్టానా?"

"అంటే ఇన్నాళ్లూ వంకలు కనబడుతూనే ఉన్నాయన్నమాట."

మామూలుగా అయితే ఆ మాటకి అతను ఏదో ఒకటి అని నవ్వించేవాడు. ఆ రోజు కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

నేలవేము నిండుకుంది. జ్వరాల రోజులు. వీధిలో ఇంటికొకరు ముసుగుతన్ని పడుకున్నారు. ఆకులావిడని పొమ్మన్నాక ఆ సరుకు ఇంకెవరు తెస్తారంటే, వ్యానాయన తెస్తాడు. వ్యానాయన కొండెక్కే మనిషి కాదు. ఎక్కడెక్కడో సరుకు కొని, కుట్టిన బస్తాల్లో వేసుకుని, వ్యాను వరండా మెట్లకి ఆనించి దించుతాడు. వైద్యుడు ఇన్నాళ్లూ అతని బస్తా విప్పనివ్వలేదు. ఈసారి, "తెమ్మను," అన్నాడు.

అల్లుడు కుట్టు కోసి, పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి ఆకులు తీశాడు. పై ఆకు చేతికి తెలుస్తుంది. నేలవేమే. అడుగున కాడ అచ్చం అలాగే ఉంది గానీ, వేళ్ల మధ్య తిప్పితే పలకలు సరిగ్గా తగల్లేదు. పొలం గట్ల మీద ఇలాంటి కాడతో ఒక పిచ్చిమొక్క పెరుగుతుంది. చెప్పబోయాడు. అప్పటికే వైద్యుడు చెయ్యి చాపాడు.

నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకోలేదు. నమలడం ఆపాడు. ఆ క్షణంలో ఆయన చూపు ఎటు పోవాలో తెలియక, ముందు బస్తా మీదికీ, ఆ తర్వాత ఖాళీగా ఉన్న తన అరచేతి మీదికీ పోయింది. అప్పుడు ఆయన ముఖం ముడిచాడు. పెదవులు సాగదీసి, కనుబొమలు దగ్గరికి లాగి, చంటిపిల్లాడు ఆముదం తాగినట్టు.

"అబ్బ, చేదు," అన్నాడు. "దించుకో అల్లుడూ."

అల్లుడు ఇన్నేళ్లుగా ఆ మనిషి పక్కన ఒంగుని ఆకులు అందించాడు. ప్రపంచంలో ఉన్న చేదంతా ఆ నోట్లో పడడం చూశాడు. ముఖం ముడవడం ఒక్కసారీ చూడలేదు. నిజంగా చేదు తిన్నప్పుడు వైద్యుడు గోడలా ఉంటాడు. ఇప్పుడు నాటకంలో రాజులా ఉన్నాడు.

వ్యానాయన సంబరపడి, "మీ నాలుకకి నచ్చిందంటే నా సరుకు నెగ్గినట్టే," అని బస్తాలన్నీ దించేశాడు.

అతను వెళ్లాక వైద్యుడు లేచి సరుకుల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. కాసేపయ్యాక జల్లెడ కోసం వెళ్లిన అల్లుడు తలుపు సందులోంచి చూసి ఆగిపోయాడు. వైద్యుడు జాడీల వరస ముందు నిలబడి ఉన్నాడు. ఒక జాడీ మూత తీసి, మిరియం నోట్లో వేసుకుని కొరికాడు. మూత పెట్టాడు. ఇంకోటి తీసి పటిక నాకాడు. మూత పెట్టాడు. తర్వాతది ఉప్పు. మూతలు జాడీలకి తగిలి టకటకమంటున్నాయి. చివరి జాడీ దగ్గర మూత చేత్తో పట్టుకుని పెట్టడం మర్చిపోయి, పారేసుకున్న తాళంచెవి కోసం జేబులు తడుముకున్నట్టు, నాలుకతో తన పళ్లని తడుముకుంటూ నిలబడ్డాడు.

అల్లుడు జల్లెడ తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాడు.

"పోయిన నెల జలుబు," అంది భార్య, అంతా విని. పెరట్లో బట్టలు పిండుతోంది. "అప్పటినుంచే అయ్యుంటుంది. తనే ఏదో పొగ వేసుకున్నారు, ఏదో ముక్కులో పిండుకున్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నాన్న కోసమే ఎవరో ముందుగా కట్టి ఉంచినట్టున్నారు." అని నవ్వబోయి, బట్టని అవసరానికి మించి పిండింది.

"నువ్వు చెప్పు. కూతురివి."

"కూతురు చెబితే 'నీకేం తెలుసు, ముందు కూరలో ఉప్పెయ్యి' అంటారు. పక్కనుండి చూస్తున్నది మీరు."

"నేను చెబితే ఏమంటారో తెలుసా? ఇన్నాళ్లూ తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు, అవి అయిపోయాయి, ఇప్పుడు మామ నాలుక లెక్కపెడుతున్నాడంటారు. పీట కోసమే పుట్టించాడంటారు."

"పీట కావాలా మీకు?"

"దాన్ని చూస్తేనే నాకు నడుం నొప్పి."

"మరి భయం దేనికి?"

 ఆ ఇంట్లో నోరున్నాయన నూరడు, నూరేవాడికి నోరు లేదు. ఆ ఏర్పాటు మీదే ఇల్లు నడుస్తోంది. అది కదిలితే ఏ గోడ కూలుతుందో అతనికి తెలియదు.

అందుకే, ఎదురింటి టైలరుకి జ్వరమొచ్చిందని కబురొచ్చి, మామగారు "నేలవేము కషాయం కాచి పంపు," అన్నప్పుడు, అతను నోరు మూసుకుని వ్యానాయన బస్తాలోంచే కట్ట తీశాడు. నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాడు. నాలుగోవంతుకి మరిగేదాకా కదుపుతూ కూర్చున్నాడు. నేలవేము ఉడికితే వీధి చివర నడిచేవాళ్లు కూడా ముక్కు మూసుకుంటారు. ఈ గిన్నెలోంచి కోసిన పచ్చిక వాసన వస్తోంది. ముక్కు చెప్పింది, మనసు విననట్టు ఊరుకుంది. వడగట్టి, సీసాలో పోసి, మూత బిగించి పంపించాడు. రుచి చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు.

మర్నాడు కాళ్లే అతన్ని టైలరు దుకాణానికి లాక్కుపోయాయి. టైలరు కత్తిరింపు బల్ల మీద దుప్పటి కప్పుకుని, కొలతల టేపు మెడలో అలాగే ఉంచుకుని పడుకున్నాడు.

"రండి అల్లుడుగారూ," అన్నాడు నీరసంగా. "ఈసారి కషాయం మహత్తరం. నేలవేమంటే మా వంశం మొత్తం గోడ దూకి పారిపోయేది. ఇదేమో హాయిగా దిగిపోతోంది. మా ఆవిడ పెట్టే టీ కన్నా నయం."

"అయితే రేపటినుంచి అదే తాగు," అని లోపలినుంచి వినబడింది.

అల్లుడు నవ్వడానికి నోరు తెరిచాడు గానీ నవ్వు రాలేదు. టైలరు చెయ్యి పట్టుకు చూశాడు. పక్కనున్న ఇస్త్రీపెట్టెకీ ఆ చేతికీ తేడా లేదు.

"ఆ సీసా ఇటివ్వు."

"ఎందుకు?"

"మూత... మూత మార్చాలి."

"మూత బాగానే ఉందే."

"బయటికి బాగానే ఉంటుంది," అని సీసా లాక్కున్నాడు. "లే, ఆసుపత్రికి పోదాం. రక్తం పరీక్ష చేయించుకుందువుగాని."

టైలరు మోచేతి మీద లేచాడు. "వైద్యుడి ఇంటి అల్లుడే ఆసుపత్రికి పొమ్మంటున్నాడంటే, నాకు కత్తిరింపు అయిపోయినట్టేనా?"

"కుట్టు మిగిలే ఉంది, లే," అన్నాడు అల్లుడు.  దారిలో కాలవ పక్కన ఆగి మూత తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. గడ్డి నీళ్లు. పైన ఎక్కడో, కొండ మీద ఎవరో అరిస్తే ఇక్కడికి వినబడినట్టు, చేదు ఉందా లేదా అనిపించేంత ఉంది. మిగిలింది కాలవలో పోసేశాడు.

ఆసుపత్రిలో సూది గుచ్చి, రక్తం తీసి, మాత్రలు రాసి, టైలరుని బల్ల మీద కూర్చోబెట్టారు. అల్లుడు గాలి కోసం గేటు బయటికి వచ్చాడు. గేటు పక్కన నిమ్మకాయల బుట్ట ముందు ఆకులావిడ కూర్చుని ఉంది. నీళ్లు చల్లిన నిమ్మకాయలు మెరుస్తున్నాయి. ఆమె కింద, కూర్చోడానికి వేసుకున్నది, ఆ నేలవేము మూట.

తప్పించుకుపోదామనుకున్నాడు. ఆమె చూసేసింది.

"ఇక్కడున్నావేం?" అన్నాడు, అడగడానికి ఇంకేమీ దొరక్క.

"ఎక్కడుండమంటారు అల్లుడుగారూ? మీ వీధిలో ఏ కొట్టు ముందు దించినా 'గడ్డేనా' అని అడుగుతున్నారు. నిమ్మకాయల్లో గడ్డి కలపడం ఎలాగో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అందుకని ఇవి అమ్ముతున్నా."

అల్లుడు చుట్టూ చూశాడు. "ఒక ఆకు ఇస్తావా?"

ఆమె అతని ముఖంలోకి చూసి, కాస్త పక్కకి ఒరిగి, మూట నోట్లోంచి ఆకు తుంచి ఇచ్చింది. అతను నమిలాడు. దగ్గొచ్చింది, కళ్లెంబడి నీళ్లు కారాయి. ఆసుపత్రి గేటు కాబట్టి ఎవరో పోయారనుకుని ఒకాయన జాలిగా చూసి వెళ్లాడు.

"చేదుందా లేదా, అది చెప్పండి చాలు."

"ఉంది."

"నాకు తెలిసిందే నాకు చెబితే ఏం లాభం బాబూ? ఆ మాట అక్కడ చెప్పండి."

"మూటల రోజున రా. ఈ మూట తీసుకునే రా."

"వస్తే? మళ్లీ గడ్డి అంటే?"

"చూద్దాం," అన్నాడు అతను, ఆకుకి అందకుండా పోకకి పొందకుండా.

ఆమె నిమ్మకాయల మీద నీళ్లు చల్లింది. కొన్ని చుక్కలు మూట మీద పడ్డాయి. "నాకు మొగుడు లేడు, పొలం లేదు. వైద్యుడుగారి దగ్గర చెల్లే మనిషినని ఒక పేరుంది. అదొక్కటీ పోయింది. మీరు చూద్దామంటున్నారు. సరే, చూడండి. వస్తాను. ముడి మాత్రం నేను విప్పను."

మూటల రోజు దాకా అల్లుడు మింగలేక కక్కలేక తిరిగాడు. రోకలి పోటు తప్పి వేలు నలిగింది. పిప్పలి పొట్లాల్లో శొంఠి కట్టి, విప్పి, మళ్లీ కట్టాడు. 'మామయ్యగారూ, మీ నాలుక' అని గోడకి ఎదురుగా నిలబడి అనడానికి ప్రయత్నించాడు. గోడ దగ్గరే 'నాలుక' దాటి ముందుకి పోలేదు. ఆ మాట నలుగురిలో అంటే ముసలాయన పీట మీదనుంచి పడేది ఎక్కడికో అతను ఊహించగలడు. అనకపోతే ఆకులావిడ ఎక్కడ పడిందో కళ్లారా చూశాడు. పక్క గదిలో వైద్యుడు కూడా సరిగ్గా నిద్రపోతున్నట్టు లేదు. పొద్దున్నే లేచి నీళ్ల చెంబు పట్టుకుని, పుక్కిలించి, నాలుక బయటికి తీసి అద్దంలో చూసుకోవడం రెండు మూడుసార్లు కంటబడింది.

ఆ ఉదయం వరండా నిండుగా ఉంది. దుకాణాలవాళ్లు గోడకి ఆనుకుని కూర్చున్నారు. వ్యానాయన కొత్త బస్తాలతో ముందే వచ్చాడు. టైలరు మాత్రల పొట్లం జేబులో పెట్టుకుని, జ్వరం దిగి బుగ్గలు పీక్కుపోయి, ఎండ కోసం మెట్ల మీద కూర్చున్నాడు. అందరి వెనకా ఆకులావిడ వచ్చి, మూట చాప మీద దించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"గడ్డి మళ్లీ మొలిచిందే," అన్నాడు వ్యానాయన. నవ్వులు.

వైద్యుడు నవ్వలేదు. పీట మీద కాస్త కదిలాడు. "విప్పు," అన్నాడు.

అల్లుడు ముడి విప్పాడు. పైనుంచి రెమ్మ తీశాడు. ఆకు గిల్లాడు. మామగారి అరచెయ్యి చాపి ఉంది. ఆ అరచెయ్యి సన్నగా వణుకుతోంది. అది చూశాక, ఇన్నాళ్లూ గోడకి అప్పజెప్పిన మాటలన్నీ ఎగిరిపోయి, అనుకోని మాట ఒకటి నోట్లోకి వచ్చింది.

"మామయ్యగారూ, ఒక్క మాట."

వరండా అటు తిరిగింది. అల్లుడి గొంతు ఎలా ఉంటుందో సగంమందికి అప్పుడే తెలిసింది.

"ఆ రోజు మీ చేతిలో నేను పెట్టింది ఈమె మూటలో ఆకు కాదు. చెత్తలో పారేయడానికి తీసిన పాత ఆకు నా చేతిలో ఉండిపోయింది. చూసుకోలేదు. మళ్లీ అడిగితే మళ్లీ అదే పెట్టాను. ఈమె సరుకులో తప్పు లేదు. మీ నాలుకలోనూ లేదు. తప్పు నాది."

వరండా పగలబడి నవ్వింది.

"అల్లుడు మామగారికి గడ్డి పెట్టాడోయ్," అన్నాడు ఒక దుకాణాదారు.

"అందుకే ఇల్లరికం అల్లుడిచేత రోట్లో తప్ప నోట్లో ఏదీ వేయించకూడదు," అన్నాడు వ్యానాయన.

అల్లుడు తల దించుకున్నాడు. అవమానం అతనికి పాత చొక్కాలాంటిది, ఒంటికి పట్టేసింది. ఓరకంట ఆకులావిడని చూశాడు. ఆమె కట్టుకున్న చేతులు వదిలింది. తలుపు పక్కన భార్య నిలబడి పెదవి కొరుక్కుంటోంది. వైద్యుడు ఇప్పుడు 'అదీ సంగతి' అంటే చాలు. పీట పీటగా ఉంటుంది, పేరు పేరుగా ఉంటుంది. అంతా సర్దుకుంటుంది.

వైద్యుడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"అబద్ధం," అన్నాడు.

నవ్వులు ఆగాయి.

"వీడు ఆకు గిల్లేముందు కాడ తిప్పి చూస్తాడు. ఆ రోజూ చూశాడు. నేను వీడి వేళ్లనే చూస్తున్నాను. అది ఈమె మూటలో ఆకే." ఆయన గొంతు చిన్నగా ఉంది, అందరూ ముందుకి ఒంగారు. "జలుబు తగ్గింది. నాలుక తిరిగి రాలేదు. ఆ రోజు ఆకుదే తప్పనుకున్నాను. ఇన్నేళ్లలో తప్పెప్పుడూ ఆకుదే కాబట్టి. ఈ వ్యానాయన సరుకు కూడా నోట్లో మట్టిలా తగిలాక తెలిసింది. తెలిసీ చేదన్నాను."

ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "ఆ బస్తాలోంచి కషాయం ఎవరికి కాచావు?"

"నాకేనయ్యా," అన్నాడు టైలరు మెట్ల మీదనుంచి. "అందుకా అంత రుచిగా ఉంది."

వైద్యుడు కళ్లు మూసుకున్నాడు. ఆకు నోట్లో వేసుకున్నప్పుడు మూసినట్టు కాదు. తెరిచాక, చాప మీద చేతులు ఆనించి, మోకాళ్లు చిటపటమంటుంటే పీట మీదనుంచి దిగి, కిందికి జరిగి కూర్చున్నాడు. పీట ఖాళీ అయింది. అల్లుడు తనని కూర్చోమంటారేమోనని భయంతో ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అమ్మా, నువ్వు కూర్చో," అన్నాడు వైద్యుడు ఆకులావిడతో. "నీ మూటకి నువ్వే చేదు చూడు."

"అమ్మేది నేను. నా సరుక్కి నేనే చూసుకోడమేమిటయ్యా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వడం అయిపోయింది. కూర్చో."

"ఆవిడ సరుక్కి ఆవిడే న్యాయమా?" అన్నాడు వ్యానాయన. "బాగుందన్నదంటే నమ్మేయడమేనా?"

"నేను గడ్డి అంటే నమ్మారుగా," అన్నాడు వైద్యుడు.

ఆమె చీర కొంగుతో పీట తుడిచి, అంచున, లేవడానికి వీలుగా కూర్చుంది. అల్లుడు పైనుంచి ఆకు తీసి ఇచ్చాడు. నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తల ఊపింది. మధ్యలోంచి ఇచ్చాడు. నమిలింది, తల ఊపింది. అడుగునుంచి ఇచ్చాడు.

దాన్ని చాలాసేపు నమిలింది. తల ఊపలేదు. లేచి, మోచేతిదాకా మూటలో చెయ్యి పెట్టి, అడుగున తడుముతూ ఒక కట్ట బయటికి లాగింది. కాడ విరిచి వాసన చూసింది. ఇంకో ఆకు నమిలి, చాప అవతలికి ఉమ్మింది.

"ఇది వద్దయ్యా," అంది. "నీళ్లు తగిలి మక్కింది. నిమ్మకాయల దగ్గర దీని మీద కూర్చున్నా కదా. చేదు సగం పోయింది. మిగతాది తీసుకోండి." ఆ కట్టని చాపకి దూరంగా, తన కాళ్ల దగ్గర పెట్టుకుంది.

వ్యానాయన తన బస్తాల్ని మళ్లీ వ్యానులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.

అల్లుడు మూటని కాటా దగ్గరికి ఈడ్చాడు. వైద్యుడు ఆమె కాళ్ల దగ్గరున్న కట్టకేసి చాలాసేపు చూశాడు.

"అల్లుడూ, దాన్ని కూడా కాటాలో వెయ్యి."

"చేదు లేదని చెబుతున్నా కదయ్యా," అంది ఆమె.

"అది తడిసింది నావల్ల," అన్నాడు వైద్యుడు. "నాకుంచు. నాకు ఏదైనా ఒకటే."

టైలరు నవ్వబోయి మానేశాడు. అల్లుడు ఒంగి ఆ కట్ట తీసి, అలవాటుగా కాడని వేళ్ల మధ్య ఒకసారి తిప్పి చూసి, మూట మీద పెట్టాడు. కాటా ముల్లు అటూ ఇటూ ఊగింది. అది నిలిచేదాకా వరండాలో ఎవరూ మాట్లాడలేదు.